మునుం చివరి చెయ్యి

గద్వాల,
20 జనవరి 2025

పూజ్యులైన పెదనాయనకు, జయశ్రీ పాదాభివందనాలు.

మీ చెవులు ఫోనులోని మాటను పట్టడం మానిన నాటి నుండి నాకు ఉత్తరాలు వ్రాసే అలవాటు తిరిగి వచ్చింది. వనజ వదిన తన ఫోనులో చదివి వినిపిస్తానన్నా మీరు ఒప్పుకోరు. తపాలా బిళ్ళ అంటించుకొని వచ్చిన మాటనే మాటగా స్వీకరిస్తారు. కనుక తెలకపల్లికి నాలుగు రోజులు నడిచే ఈ మాటను ఓపికగా వ్రాస్తున్నాను.

ధరూర్ దారిలోని పల్లీల మిల్లులో చేరి మూడు వారాలైంది. నా బల్ల మీద ‘మానవ వనరుల అధికారి’ అన్న పలక పెట్టారు. దానిని ఎవరితోనో చదివించుకొని జములమ్మ అనే కూలీ, “వనరులంటే మేమా మేడం? బోరుకు వెట్టినట్టు మాకు గూడ మోటరు వెట్టి గుంజుతరా ఏంది?” అని అడిగింది. అందరూ నవ్వారు. నవ్వవలసిందో లేదో తెలియక నేను సగం నవ్వాను.

ఇక్కడ పని ఇది. యంత్రం కాయలను వలిచి గింజలను కదిలే బెల్టు మీదికి వదులుతుంది. దాని పక్కన పద్నాలుగు మంది ఆడవాళ్ళు వరుసగా నిలబడి ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి తమ తమ గంపల్లో వేస్తారు. వరుస చివర భీమమ్మ ఉంటుంది. అరవైకి దగ్గరపడిన మనిషి. మిగిలిన వారి చేతులు ఆడుతుంటే ఆమె చేతులు చాలాసేపు ఊరికే ఉంటాయి. మూడు రోజులు గంపలు తూయించాను. ఒక్కొక్కరిది పది కిలోలకు తగ్గలేదు. భీమమ్మది ఒకటిన్నర.

అంతకన్న వింత, సెలవు కావలసిన వారు నన్ను కాక ఆమెను అడుగుతారు. ఇదేమిటని అడిగితే, “నిన్ను గూడ అడుగుతరు మేడం. నన్ను అడిగినంక నిన్ను అడుగుతరు. ముందుగాల మునుంల ఖాళీ పూడ్సాలె గద,” అన్నది. బెల్టు పక్కని వరుసను ఆమె మునుం అంటుంది.

మార్చి ఆఖరుకు నా పరీక్షాకాలం ముగుస్తుంది. ఫిబ్రవరిలో విదేశాలకు వెళ్ళే పెద్ద సరుకు ఒకటి ఉంది. అది చక్కగా సాగితేనే నా ఉద్యోగం ఖాయమని యజమాని లక్ష్మణ్ గారు తేల్చి చెప్పారు. నాయన పోయాక మీరు చెప్పించిన చదువు ఇక్కడ నిలబడుతుందో లేదో తేలాలి. వేయి మందితో బడి నడిపిన వారు మీరు. ఈ వరుసను ఎలా దిద్దమంటారు?

మీ పాదాల చెంత పెరిగిన,
జయశ్రీ

తెలకపల్లి,
క్రోధి, మాఘ శుద్ధ పంచమి (2 ఫిబ్రవరి 2025)

చిరంజీవి జయశ్రీకి, పెదనాయన చెన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ అక్షరాలు ఇంకా కుడివైపుకు ఒరుగుతున్నాయి. చిన్ననాడు నా ఒడిలో కూర్చుని దిద్దినప్పుడు నా మోకాలు వంకరగా ఉండిన దోషం అది. ఆ నేరం నాది. ఇక్కడ అందరూ క్షేమం. చక్కెర జబ్బు పేరు చెప్పి కోడలు వనజ బెల్లం డబ్బా దాచింది. ఇంటిలో ఆమె పాలనకు ఎదురు లేదు కనుక కొలువు నడిపే విద్య కోసం నీవు ముందుగా ఆమెనే అడగవలసింది. అయినా నన్ను అడిగావు. చెబుతాను.

పద్యం చూడు. అందులో ఏ అక్షరమూ తనకు తోచిన చోట కూర్చోదు. గణం తన కొలతలో ఉంటుంది, యతి తన స్థానంలో నిలుస్తుంది. ఒకటి తప్పితే చదివేవాని నాలుకకే తెలిసిపోతుంది. కొలువైనా అంతే. ఎవరు ఎంత చేస్తున్నారో కొలవనిదే మంచి పనివానికి మర్యాద దక్కదు, సోమరికి సిగ్గు కలగదు. నిన్న సాయంత్రం నీ కోసమే ఒక ఆటవెలది అల్లాను.

ఎవరి పనిని వారె యెఱిగి చేసిన చోట
కొలువు నిలుచు గాక కూలిపోదు
లెక్క లేని చోట లేమియే ఫలమగు
వరుస దప్పు పనికి వాసి లేదు

కనుక వేరువేరుగా తూయించు. తూకాలను అందరికీ కనబడేలా వ్రాయించు. సెలవు నీ చేతిలోకి తెచ్చుకో. ఆ భీమమ్మను నొప్పించకుండా వేరే పనికి మార్చు. పెద్ద మనిషి. మర్యాద తగ్గనీయకు.

నీ మేలు కోరే,
పెదనాయన

గద్వాల,
9 ఫిబ్రవరి 2025

పూజ్యులైన పెదనాయనకు నమస్కారాలు.

మీ పద్యాన్ని పెద్ద అక్షరాలతో వ్రాయించి బెల్టు ఎదుటి గోడకు తగిలించాను. మీ ఆజ్ఞ ప్రకారం అన్నీ చేశాను. నిలబడే చోట్లకు అంకెలు వేశాను. కబుర్లకు వీలు లేకుండా పాత జతలను విడదీశాను. ఏడుగురికొక ముందరి మనిషి, వారిపైన సూపర్‌వైజరు ఉదయ్ కిరణ్, అతనిపైన నేను. రోజూ సాయంత్రం గంపల తూకం పలక మీద వ్రాస్తాం. ఎక్కువ తూగిన గంపకు వారానికొక స్టీలు డబ్బా. వరుసగా మూడు రోజులు తక్కువైన వారిని పిలిచి మాట్లాడతాం.

ఫలితం చూడండి. పది కిలోల గంపలు పదహారు తూగుతున్నాయి. లక్ష్మణ్ గారు మొదటిసారి నన్ను కూర్చోమని టీ తెప్పించారు.

భీమమ్మను సంచుల మూతులు కుట్టే పనికి మార్చాను. ఆమె సూదీ దారమూ అందుకొని, “నన్ను తీసిండ్రంటే తీసిండ్రు. మరి మునుం చివర ఎవరున్నరు?” అన్నది. పద్నాలుగో చోట అంకె వేసి ఈరమ్మను పెట్టామని చెప్పాను. “చోటు సంగతి కాదు నేనడిగేది,” అని సూదిలో దారం ఎక్కించుకొన్నది. పదవి పోయిన వారి ఎత్తిపొడుపు అనుకొని ఊరుకొన్నాను. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం రెండుసార్లు వెళ్ళి ఆ పద్నాలుగో చోటు చూసి వచ్చాను.

సరుకు పదిహేనున బయలుదేరుతుంది. బెల్లం డబ్బా బియ్యపు గుమ్మి వెనుక ఉందని వదిన నాకు చెప్పింది. మీకు చెప్పవద్దని కూడా చెప్పింది.

మీ విధేయురాలు,
జయశ్రీ

తెలకపల్లి,
మాఘ బహుళ విదియ (14 ఫిబ్రవరి 2025)

చిరంజీవి జయశ్రీకి శుభం కలుగుగాక.

గుమ్మి వెనుక వెదికాను. అక్కడ లేదు. నీ ఉత్తరాన్ని వనజ నా కంటే ముందే చదివిందని గ్రహించాను.

నా పద్యం గోడ ఎక్కిందన్న వార్తకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. జంకవలదు. మార్పు చేసిన వారికి మొదట నాలుగు మాటలు పడక తప్పదు. నా సంగతే చెబుతాను. ముప్పై ఏళ్ళ క్రితం నేను ప్రధానోపాధ్యాయుణ్ణి అయిన ఏడాది, ఏ పంతులు చెప్పిన తరగతిలో ఎందరు గట్టెక్కారో లెక్క తీశాను. అందరికన్న అడుగున సామ్యూల్ అనే పంతులు ఉన్నాడు. నలభై మందిలో పదకొండుగురే గట్టెక్కారు. పైగా ఎండ నడినెత్తికి వచ్చాక వచ్చిన పిల్లలకు కూడా హాజరు వేసేవాడు. అదేమని అడిగితే, “వచ్చిండ్రు గద సార్,” అనేవాడు. అతనిని చిన్న తరగతులకు దించి, సామర్థ్యం లేదని పై కార్యాలయానికి కాగితం వ్రాశాను. మరుసటి ఏడు బడికి మంచి పేరు వచ్చింది. కనుక దృఢంగా ఉండు.

ఇక ఆ భీమమ్మ మునుం మాట. ఎన్నాళ్ళకు విన్నాను. కూలీలు పొలంలో వరుసగా నిలిచి, తలా కొంత పట్టుకొని ముందుకు సాగే బారును మన పాలమూరులో మునుం అంటారు. మా అమ్మ ఎప్పుడూ మునుం చివరనే ఉండేది. వయసు పిల్లలు ముందుకు ఉరికేవారు. అమ్మ వెనుకగా నడుస్తూ, వాళ్ళు వదిలిన గడ్డిని రెండు వేళ్ళతో తీసేది. ఎవరి సాలులో గడ్డి మిగిలిందో చూసి, ఆ పిల్లకు కాలు నొప్పో, ఇంట్లో గొడవో కనిపెట్టేది. నెమ్మదిగా చేస్తుంది కాబట్టి చివర నిలబెట్టారని నేను చాలా ఏళ్ళు అనుకొన్నాను. ఎందుకో ఈ వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది. ముసలితనం.

ఆశీస్సులతో,
పెదనాయన

గద్వాల,
24 ఫిబ్రవరి 2025

పూజ్యులైన పెదనాయనకు.

క్షేమ సమాచారాలు వ్రాసే మనసు లేదు. మన్నించండి.

సరుకు తిరిగి వచ్చింది. రేవు దగ్గరి పరీక్షలో బూజు గింజలు దొరికాయట. రెండు లారీల సంచులు ఆవరణలో పడి ఉన్నాయి. ఒక సంచి విప్పి నేనే చేయి పెట్టాను. పిడికెడు తీస్తే మూడు నాలుగు కనబడ్డాయి.

ఏరిన గంపలు కూడా తిరగేయించాను. పెదనాయనా, వాటిలో సగానికి సగం మంచి గింజలే. బూజు పట్టిన గింజ లోపల గుల్లబారి తేలికగా ఉంటుంది. మంచి గింజ బరువు. తూకం పెంచుకోవడానికి వీళ్ళు మంచివి ఏరి, చెడ్డవి వదిలారు. జములమ్మను నిలదీశాను. “మీరు బరువు అడిగిండ్రు మేడం, బరువు ఇచ్చినం. మూడు దినాలు తక్కువొస్తే పిలుస్తమంటిరి. నాకు ఇద్దరు పిల్లలు,” అన్నది.

బాధ్యులెవరో పేరు వ్రాసి మార్చి అయిదు లోపల ఇవ్వమని లక్ష్మణ్ గారు ఆజ్ఞాపించారు. పేరు పడిన వారిని పనిలోంచి తీసేస్తారు. ఉదయ్ కిరణ్ నా గదికి వచ్చి, “భీమమ్మ పేరు రాయుండ్రి మేడం. కడుపుమంటతోని ఆడోళ్ళకు ఎక్కించిందని రాస్తే అయిపాయె. ముసల్ది, ఎట్లయినా రేపో మాపో మానేస్తది. మీ నౌకరి దక్కుతది,” అన్నాడు.

మీరు దృఢంగా ఉండమన్నారు. సామ్యూల్ పంతులు విషయంలో మీరు వెనుదీయలేదు. మీ మునుం కథ కూడా చదివాను గాని, ఈ గొడవలో దానిని ఆస్వాదించే తీరిక లేకపోయింది. కాగితం వ్రాసి సొరుగులో పెట్టాను. అందులో భీమమ్మ పేరే ఉంది. సంతకం చేయాలి.

గోడ మీది మీ పద్యాన్ని చూసినప్పుడల్లా మీరు నా వెనుక ఉన్నారని ధైర్యం తెచ్చుకొంటున్నాను.

జయశ్రీ

తెలకపల్లి,
ఫాల్గుణ శుద్ధ పాడ్యమి (28 ఫిబ్రవరి 2025)

తల్లీ, జయశ్రీ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఈ జవాబును వనజ ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతుంది. నా నియమాన్ని నేనే తెంచుకొంటున్నాను. ఈ ఒక్క మాట నాలుగు రోజులు నడవడానికి వీలులేదు.

సంతకం చేయకు.

సామ్యూల్ కథను నీకు సగమే చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు. మిగిలిన సగాన్ని నాకు కూడా చెప్పుకోకుండా ముప్పై ఏళ్ళు గడిపాను. అతని తరగతిలో అందరూ వలసపోయే కూలీల పిల్లలు. తల్లిదండ్రులు ఊరు విడిచిన ఇళ్ళకు ఉదయాన్నే వెళ్ళి, వెనుక మిగిలిన పిల్లలను సైకిలు మీద బడికి తెచ్చేవాడు. వాళ్ళు ఆలస్యంగా వచ్చేది అందుకే. నేను అతనిని దించిన మరుసటి ఏడు ఆ నలభైలో పదహారు మంది బడి మానివేశారు. మానిన వారు పరీక్ష వ్రాయరు కనుక నా లెక్క మెరుగైంది. బడికి వచ్చిన ఆ మంచి పేరు అది. నా కొలతకు ఆ పదకొండుగురే కనబడ్డారు. బడిలో నిలిచిన నలభై మందీ అతని పనే అని తెలిసే నాటికి కాగితం పైకి పోయింది. వెనక్కి తెప్పించి ఉండవచ్చు. తెప్పించలేదు.

ఇప్పుడు నీ సొరుగులో ఉన్నది ఆ కాగితమే. పేరు మాత్రం మారింది.

మా అమ్మ మునుం చివర ఎందుకు నిలబడేదో నేనే వ్రాసి, నేనే గ్రహించలేకపోయాను. చివరి మనిషి గంప ఖాళీగా ఉంటే ముందున్న పని బాగున్నట్టు. మనమిద్దరం ఆ ఖాళీని సోమరితనం అనుకొన్నాం. తూకం నీకు చెప్పినవాణ్ణి నేను. ఆ తప్పులో పెద్ద భాగం నాది. కాని ఆ వరుసను కళ్ళారా చూడగలిగినదానివి నీవు.

వెళ్ళి చివర నిలబడు. భీమమ్మ పక్కన నిలబడు. తర్వాత నీకు ఏ పేరు వ్రాయాలని తోస్తే ఆ పేరు వ్రాయి.

నీ పెదనాయన

గద్వాల,
9 మార్చి 2025

పూజ్యులైన పెదనాయనకు, జయశ్రీ సాష్టాంగ నమస్కారాలు.

దీనిని తపాలాలోనే పంపుతున్నాను. నియమం ఒక్కసారి తెగితే చాలు.

మీ ఉత్తరం ఫోటో చేరిన మరునాడు ఉదయాన్నే భీమమ్మ దగ్గరికి వెళ్ళాను. సంచి కుడుతూ ఉంది. నాకు బెల్టు చివర పని నేర్పమని అడిగాను. ఆమె దారం కొరికి, నన్ను పైనుంచి కిందికి చూసి, “చున్నీ నడుముకు కట్టుకో,” అన్నది.

అందరినీ వారి వారి పాత చోట్లకు పంపి, బెల్టు నడిపించి, నా చేయి పట్టుకొని మొదలుపెట్టింది. “ఇగో, నల్లది వచ్చింది. నలుపు ఏరేది ఐదో చెయ్యి, ఈరమ్మ. దానికి నలుపు బాగ ఆనుతది. అది ఇడిసిందంటే ఒంట్లె బాగ లేదన్నట్టు.” అని గొంతు పెంచి, “ఓ ఈరమ్మా, జరమొచ్చిందా ఏందే? పోయి కూసో,” అన్నది. నిజంగానే ఈరమ్మకు జ్వరం. జములమ్మ కళ్ళకు నలుపూ ఎరుపూ సరిగా తెలియవట. అందుకే ఆమెకు ముడతలు అప్పజెప్పింది. ముడతను వేళ్ళే చెబుతాయి. బూజుకు ఇద్దరు, పక్కపక్కన. పదేళ్ళుగా ఎవరి కంటికి తగిన పని వారికి పంచి పెట్టింది. నేను అంకెలు వేసి చెదరగొట్టిన వరుస ఇది.

“ఇదంతా నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“తూసినవు గని అడగలే గద బిడ్డా.”

సాయంత్రం దాకా నిలబడ్డాను. నా గంపలో పడినవి ముప్పై ఒక్క గింజలు. గద్వాల వచ్చాక నేను చేసిన నిండు పని అదొక్కటే అనిపించింది.

సొరుగులోని కాగితం చింపి వేరేది వ్రాశాను. తూకం పెట్టింది నేను, జతలు విడదీసింది నేను, చివరి మనిషిని తీసింది నేను. బాధ్యురాలు జయశ్రీ అని సంతకం చేసి ఇచ్చాను. లక్ష్మణ్ గారు రెండుసార్లు చదివారు. “మీ పేరు మీరే రాసుకునుడేంది మేడం? నేనిప్పుడు ఎవర్ని తిట్టాలె?” అన్నారు. తరువాత తిట్టారు, బాగానే తిట్టారు. ఉద్యోగం ఖాయం చేయలేదు. తీసివేయనూ లేదు. పరీక్షాకాలం ఇంకో ఆరు నెలలు పొడిగించారు. తిరిగి వచ్చిన సరుకునంతా మళ్ళీ ఏరించే బాధ్యత నాదే.

భీమమ్మ చివరికి తిరిగి వచ్చింది, ఒక షరతు మీద. “వచ్చుడు వస్త. ఆ కాంట మాత్రం నా కండ్ల ముంగట ఉండొద్దు.” ఇప్పుడు వేరు గంపలు తూయడం లేదు. బెల్టు దాటిన సరుకులో నుండి పిడికెడు తీసి, అందులో చెడ్డవి ఎన్ని ఉన్నాయో అందరి ఎదుట చూస్తాం. మంచైనా చెడైనా పద్నాలుగు మందిదీ. సెలవులు భీమమ్మ ఇస్తుంది, నేను పుస్తకంలో వ్రాసుకొంటాను.

మీ పద్యాన్ని గోడ నుండి దింపాను. కోపగించుకోకండి. జములమ్మ ఆ చోటు చూసి, “ఖాళీగ కొడుతుంది మేడం, మీ తాతనో పెదనాయననో ఇంకోటి రాయమనరాదు, జర సల్లగ ఉండేటిది,” అన్నది.

మీ
జయశ్రీ

వనపర్తి,
ఫాల్గుణ పౌర్ణమి (14 మార్చి 2025)

చిరంజీవి జయశ్రీకి, వనపర్తి నుండి పెదనాయన.

ఊరి పేరు చూసి కంగారు పడకు. బస్సులో కూర్చోబెట్టి వనజే పంపింది. సంచిలో మందులు, మంచినీళ్ళు, అన్నిటికింద ఒక చిన్న బెల్లం ముక్క కూడా కట్టింది. శత్రుపక్షంలో ఇంత దయ ఉందని తెలియదు.

సామ్యూల్ ఇప్పుడు ఇక్కడ కూతురు శిల్ప ఇంట్లో ఉంటున్నాడు. తల పూర్తిగా నెరిసింది. గుమ్మంలో నన్ను చూసి ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. చెవి చూపించాను. లోపలికి వెళ్ళి మనవరాలి పలక, బలపం తెచ్చి ఎదురుగా కూర్చొన్నాడు. నేను మాట్లాడడం, అతను పలక మీద జవాబు వ్రాయడం, ఇలా మా సంభాషణ సాగింది.

కాగితం సంగతి మొత్తం చెప్పాను. దానిని చదివిన పై అధికారులంతా పోయాక చెబుతున్నానని కూడా చెప్పాను. అతను వ్రాసింది ఇది: “నాకు ఎరుకే సార్. అప్పుడే ఎరుక.” మరి ఒక్కనాడైనా ఎందుకు అడగలేదన్నాను. తుడిచి మళ్ళీ వ్రాశాడు: “ఇప్పుడు తిడదామంటే మీకు వినొస్తలేదు.” వ్రాసి తానే నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అతను నా చేతి మీద చేయి వేశాడు. చాలాసేపు తీయలేదు.

బస్సులో కూర్చి తెచ్చిన పద్యాన్ని అతనికి చూపించాను. మీ గోడ కోసమే అల్లింది.

కడను నిలుచు చేయి కానరా దెవరికి
తూచ రాదు దాని తోడునీడ
తప్పు పట్టకుండ తప్పిదమును దిద్దు
దాని నెఱుగలేక దండుగైతి

చివరి పాదం గోడకు తగదనిపిస్తే తీసివేయి. జములమ్మకు చల్లగా ఉంటే చాలు. నీ ఆరు నెలల పొడిగింపు గురించి నాకు దిగులు లేదు. నేను నా పేరు వ్రాయడానికి ముప్పై ఏళ్ళు తీసుకొన్నాను. నీకు అయిదు రోజులు పట్టింది. పెంచిన చేతికి ఇంతకన్న ఏం కావాలి?

బయలుదేరేటప్పుడు, ఇంత ఆలస్యంగా వచ్చినందుకు మన్నించమని అడిగాను. సామ్యూల్ పలకను మోచేతితో శుభ్రంగా తుడిచాడు. పైన నేటి తేదీ వేశాడు. కింద నా పేరు వ్రాశాడు, ఇంటిపేరుతో సహా. దాని పక్కన, ఆ నాడు ఆలస్యంగా వచ్చిన పిల్లల పేర్ల పక్కన వేసిన గుండ్రటి అక్షరాలతోనే, ఒక్క మాట పెట్టి పలక నా వైపు తిప్పాడు.

హాజరు.

నీ పెదనాయన,
చెన్నయ్య